నల్లదీ తెల్లదీ కలిసిన పూట

ఆమెకు పాదరసం అని పేరు పెట్టింది అత్తగారే. కాపురానికొచ్చిన వారానికే, "ఈ పిల్ల అరికాళ్ళకి చక్రాలున్నాయి" అని తేల్చేసింది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగమేమో పగలంతా వేధశాలలో ఒకే కుర్చీలో కూర్చుని సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండడం.

సూర్యుడి మీద పెద్ద పేలుళ్ళంటే అందరికీ మోజు. ఆమె ధ్యాసంతా సూర్యుడి వాతావరణం అడుగు పొరల్లో, మచ్చల చుట్టూ పుట్టి చచ్చే చిన్నాచితకా అయస్కాంత క్షేత్రాల తునకల మీద. తెర మీది పటంలో ఒక ధ్రువం తునకలు తెల్లగా, రెండోదానివి నల్లగా కనిపిస్తాయి. నల్లదీ తెల్లదీ ఒరుసుకున్నాయంటే అక్కడ వెలుగు భగ్గుమని, కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది. చిన్నదన్న పేరే గాని, అది ఒక దేశం పట్టేంత మంట.

అలాంటి జంట ఒకటి నిన్నటి నుంచీ దగ్గరవుతోంది. దుర్భిణి తిప్పే మోటారు చెడిపోవడంతో, సూర్యుడు తెర దాటిపోకుండా ఆమే మీట తిప్పుతూ ఉండాలి. తోటి పరిశీలకుడు సెలవులో ఉన్నాడు. ఇంతలో భర్త ఫోను చేశాడు.

"అమ్మ మెట్ల మీద జారింది. ఎక్స్‌రే తీస్తున్నారు."

"విరిగిందా?"

"ఇంకా తెలీదు. నీకు పనుంటే..."

ఆ సగం మాటే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. లేచింది, కూర్చుంది, కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగింది. చివరికి మీట వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తింది.

మణికట్టు ఎముక చిట్లింది. కట్టు వేయించుకుని మంచం మీదున్న అత్తగారు కోడల్ని చూసి మొహం చిట్లించింది.

"నల్లదీ తెల్లదీ ఇవాళ కొట్టుకుంటాయన్నావుగా. ఇక్కడికెందుకొచ్చావే?"

"మీరు పడ్డారని, అత్తయ్యా."

"నేను పడ్డం ఎప్పుడో అయిపోయింది. ముందా కాలు ఆడించడం ఆపు, మంచం ఊగి చెయ్యి సలుపుతోంది."

కాలు ఆపింది. చూపు మాత్రం కిటికీలోంచి పడుతున్న ఎండ మీదికే పోతోంది.

మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే తెల్ల తునక లేదు. నల్లది నలుసంత మిగిలింది. కలిశాయి, ఎంత మండాయో ఎవరూ చూడలేదు. కోపమొచ్చింది గాని, అది మోటారు మీదో, మొగుడి మీదో, అత్తగారి దగ్గరుండీ ఆకాశం వైపే చూసిన తన మీదో తేలలేదు. పడమట మబ్బు పడుతోంది. మీట పట్టుకుని మచ్చ చుట్టూ మరో జంట కోసం వెతకసాగింది, ఒక చెవి ఫోను మీదే ఉంచి.