పెద్దాయన ఎలా ఉన్నాడు

మొన్న కరెంటు బిల్లు కట్టడానికి కొత్త ఫోన్‌లో ఏదో పాస్‌వర్డ్ పెట్టుకోమంటే, నా ప్రమేయం లేకుండానే వేళ్లు ఉయ్యూరు పేరూ, పక్కన మా బావ పుట్టిన సంవత్సరమూ కొట్టేశాయి. ఇరవై ఏళ్ల కిందట మేమిద్దరం కలిసి నడిపిన బేస్‌బాల్ జట్టు పాస్‌వర్డ్ అది. బిల్లు సంగతి పక్కకి పోయింది.

బేస్‌బాలేమిటి, విజయవాడలో మేమేమిటి అని నవ్వకండి. చెప్పులు బయట విడిచి నెట్ సెంటర్‌లో ఖాళీ కుర్చీ కోసం కాచుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి కదండీ! మా అక్క మొగుడు, అంటే మా బావ, ఉయ్యూరులో చెరకు రైతు. ఆదివారం ఆదివారం బస్సెక్కి గుణదలలో మా ఇంటికొచ్చేవాడు, కాఫీ తాగగానే ఇద్దరం నెట్ సెంటర్‌కి బయల్దేరేవాళ్లం. క్రికెట్ ఆట కోసం వెతుకుతూ ఒకసారి ఈ లీగులో పడ్డాం. ఆటగాళ్లంతా కంప్యూటర్ పుట్టించినవాళ్లే, మ్యాచ్ ఆడించేదీ అదే. ఎవరిని దింపాలో, ఎవరిని మరో జట్టుకిచ్చి మార్చుకోవాలో మాత్రం మేనేజర్లుగా మేం చూసుకోవాలి. మిగతా మేనేజర్లంతా ఎక్కడెక్కడి దొరలో. బావ మా జట్టుకి ఉయ్యూరు పేరే పెట్టాడు.

క్రికెట్ బుర్రలు కదా, మంచి బౌలరుంటే ప్రతి మ్యాచ్‌కీ దింపమూ? అలాగే మాకు దొరికిన మేటి పిచ్చర్ని, అంటే బంతి విసిరేవాణ్ణి, రోజూ దింపాం. ఒకసారి విసిరినవాడికి నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలని మాకు చెప్పేదెవరు? సగం సీజనైనా కాకుండానే అతని చెయ్యి దెబ్బతిందని తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఆ తర్వాత అతను మునుపటిలా ఆడనే లేదు. బావ నిజంగానే బాధపడ్డాడు. లేని మనిషికి పెద్దాయన అని పేరు పెట్టి, “మనమే పాడుచేశాం రా, మన దగ్గరే రిటైరవ్వాలి” అని తీర్మానించేశాడు. నేను గొణిగితే, మూడో కార్శి తోటలో కూడా దుబ్బుకి చేవ ఉంటుందనేవాడు. నరికిన దుబ్బు నుంచే మళ్లీ చెరకు, అదే కార్శి, తీసే రైతు కదా మరి.

నాలుగో ఏడు బావకి కిడ్నీలు చెడిపోయాయి. డయాలసిస్‌కి విజయవాడ రావడమే గగనమై జట్టు నా చేతిలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే మా జట్టు మొదటిసారి కప్పుకి దగ్గరైంది. మంచమ్మీదున్న మనిషికి ఒక్క గెలుపైనా చూపిద్దామని పెద్దాయన్ని ఇచ్చేసి ఓ కుర్ర పిచ్చర్ని తెచ్చుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది. ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా “పెద్దాయన ఎలా ఉన్నాడ్రా?” అని అడిగేవాడు. ఇరగదీశాడు బావా అని లేని స్కోర్లు కల్పించి చెప్పేవాణ్ణి. బావ కళ్లు మూసుకుని విని శభాష్ అనేవాడు.

కప్పూ రాలేదు, బావా దక్కలేదు.

పెద్దకర్మ అయ్యాక, జట్టు వదిలేస్తున్నామని చెప్పడానికి నెట్ సెంటర్‌లో లీగు తెరిస్తే, పాత ఉత్తరాల్లో బావ రాసినది ఒకటి కనబడింది, పెద్దాయన్ని తీసుకున్న మేనేజరుకి. నేను మార్పిడి చేసిన వారానికే రాశాడు. ఆసుపత్రి నుంచి వెళ్తూ ఒకరోజు ఆటో ఆపించి, పెద్దాయన్ని చూసొస్తానని నెట్ సెంటర్‌లోకి వెళ్లాడని తర్వాత అక్క చెప్పింది. ఆ ఉత్తరంలో ఉన్నదింతే: ఈయన చెయ్యి మా తెలియనితనం వల్ల పాడైంది, దయచేసి నాలుగు రోజులు విశ్రాంతి ఇచ్చి దింపండి, మా బామ్మర్ది మంచివాడు, తొందరపడ్డాడు అని, తనకొచ్చిన ఇంగ్లీషులో. అంటే ఆ తర్వాత రెండు నెలలూ నేను చెప్పిన ప్రతి అబద్ధమూ తెలిసే విన్నాడన్నమాట. పక్కవాళ్లు చూస్తున్నా సరే, ఆ కుర్చీలోనే ఏడ్చాను.

ఇప్పుడు ఆ లీగు లేదు, నెట్ సెంటర్ ఉన్నచోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఏ దేశపు ఆటైనా నియమాలతో సహా అరచేతిలోకొచ్చేసింది. మాలా తెలియక చెయ్యి పాడుచేసేవాళ్లు లేరు, పాడుచేశామే అని ఏళ్లకేళ్లు బాధపడేవాళ్లూ లేరు. నాకు మాత్రం ఈ వయసులో ఒక్కటే అర్థమైంది. పెద్దాయన ఎలా ఉన్నాడని బావ అన్నిసార్లు అడిగింది స్కోరు కోసం కాదు, ఈసారైనా నేను నిజం చెబుతానేమోనని.