హోమ్ తర్వాత పడ్డ ఖాళీ

పోయిన వారం ఖానాపురం హవేలిలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, దాని కూతురి ల్యాప్‌టాప్ ఏదో అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి, నల్లటి తెర మీద ఒక తెల్లటి గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ కూర్చుంది. ఆ పిల్ల ఏమాత్రం కంగారు పడకుండా ఫోనులో వెతికి, దొరికిన ఆదేశాల వరుసను టకటకా కొట్టేసి, చివరి అక్షరం పడీ పడకముందే ఎంటర్ మీదికి వేలు పోనిచ్చింది. చేతిలోని టీ ఒలికిపోతున్నా చూసుకోకుండా "ఆగు, ముందు చదువు!" అని కేక పెట్టాను.

"ఏందే పెద్దమ్మా, గట్ల అరిచినవ్?" అని అది నవ్వింది. ల్యాప్‌టాప్ బాగయింది కూడా. నాకు మాత్రం ఎన్నో ఏళ్ల కిందటి ఒక వానరోజు గుర్తుకొచ్చింది.

మణుగూరు నుంచి భద్రాచలం వచ్చే అడవి దారిలో మా చర్చివాళ్లు నడిపిన ఒక చిన్న దవాఖానా ఉండేది. అందులో నేను రిజిస్టర్లు రాసే ఉద్యోగంలో చేరాను, కొన్నేళ్లకు ఆ రిజిస్టర్లే కంప్యూటరులోకి ఎక్కితే వాటి వెనకే నేనూ ఎక్కాల్సి వచ్చింది. ఖమ్మంలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మా పెద్దమ్మ కొడుకు వచ్చి, ఇది అందరిదీ, లోపలేముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు అంటూ అందులో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అది మొరాయిస్తే ఏమేం కొట్టాలో ఒక పొడుగు నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసిచ్చిపోయాడు. ఆ పుస్తకాన్ని నేను బైబిలు పక్కనే పెట్టుకునేదాన్ని. అంతకుముందు వానాకాలంలో గోడ కారి రక్తదాతల రిజిస్టరు ముద్దయిపోవడంతో, ఊరూరా కనుక్కుని ఆ పేర్లన్నీ మళ్లీ పోగేసి కంప్యూటరులో ఎక్కించింది నేనే. వేరే నకలు తీసి పెట్టుకోవాలన్న తెలివి అప్పటికి లేదు.

ఆ రోజు వాన. వాగులు పొంగి, భద్రాచలం వైపు దారి తెగిపోయింది. పొద్దున కాన్పయిన ఒక అమ్మాయికి రక్తస్రావం ఆగడం లేదు. అడవి లోపలి ఊరి నుంచి మంచం మీద మోసుకొచ్చారు ఆమెను. డాక్టరమ్మ చేతులు కూడా తుడుచుకోకుండా నా గదిలోకి వచ్చి, "ఓ నెగెటివ్ ఎవరున్నరో చూడు, జల్దీ" అని వెళ్లిపోయింది.

కంప్యూటరు పాస్‌వర్డు అడిగింది, కొట్టాను. తెర ఒక్కసారి మెరిసి, మళ్లీ పాస్‌వర్డే అడిగింది. నాలుగుసార్లు కొట్టాను, నాలుగుసార్లూ అంతే, లోపలికి రానిస్తున్నట్టే ఉండి గుమ్మంలోనే వెనక్కి నెట్టేస్తోంది. కాలేజీకి ఫోన్ చేస్తే అన్న క్లాసులో ఉన్నాడన్నారు, పిలవమని చెప్పి పెట్టేశాను. తలుపు దగ్గర ఆ అమ్మాయి అత్త, పుట్టి గంటలే అయిన పసిగుడ్డును కొంగులో చుట్టుకుని నా వైపే చూస్తూ నిలబడింది. "మా కోడలు బతుకుతదా అమ్మా?" అని ఒక్కసారే అడిగింది. నేను నోటుబుక్కు అందుకున్నాను.

నోటుబుక్కు తెరిచాను. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ టూ కలిపి నొక్కితే బొమ్మల్లేని నల్లటి తెర వస్తుందని, అక్కడ లోపలికి పోవచ్చని ఉంది. పోయాను. ఆ కింద, డిస్కు నిండిపోతే ఇలాంటి మొరాయింపు వస్తుందని, అవసరం లేని, క్యాష్ అనే తాత్కాలిక ఫైళ్ల ఫోల్డరు తీసెయ్యాలని రాసి, దానికి కొట్టాల్సిన వరుస కూడా ఉంది. ఆర్ ఎమ్ అంటే తుడిచెయ్యి అని మాత్రం నాకు తెలుసు. చెమట పట్టిన వేళ్లతో అక్షరం తర్వాత అక్షరం కొట్టి, ఎంటర్ మీద చిటికెన వేలు పెట్టేసరికి ఫోన్ మోగింది.

జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పి, కొట్టేశానన్నా, ఎంటర్ ఒక్కటే మిగిలింది అన్నాను.

"ఎంటర్ కొట్టకు. ఏం కొట్టినవో ఒక్కొక్క అక్షరం చదువు."

చదివాను. స్లాష్, హోమ్, ఖాళీ, స్లాష్... అక్కడ అన్న నన్ను ఆపాడు. హోమ్ తర్వాత ఖాళీ ఉందా అని అడిగాడు. ఉందన్నాను.

"చేతులు తియ్యి చెల్లె. కీబోర్డు మీదికెల్లి రెండు చేతులూ తియ్యి."

ఆ ఒక్క ఖాళీ వల్ల నా వరుసకు అర్థం మారిపోయిందట. హోమ్ లోపలి ఒక పనికిరాని ఫోల్డరును కాకుండా, హోమ్ అన్నదాన్నే మొత్తం తుడిచెయ్యమని అడిగినట్టయిందట. మా దాతల పేర్లున్నది అందులోనే. అన్న ఇది చెబుతుంటే రిసీవరు పట్టుకునే నేల మీద కూర్చుండిపోయాను. ఆ తల్లి ప్రాణం నా చిటికెన వేలు కింద ఉండిందన్న మాట అప్పుడే తలలోకి దిగింది.

లేచాక అన్న మెల్లగా దారి చెప్పాడు. కంట్రోల్ సి నొక్కి ఆ వరుసను వదిలెయ్యమన్నాడు. డి ఎఫ్, ఖాళీ, హైఫన్, హెచ్ కొట్టిస్తే, డిస్కు నూటికి నూరుపాళ్లూ నిండి ఉంది. డి యు అనే ఇంకో ఆదేశంతో ఏ ఫోల్డరు ఎంత బరువుందో చూసుకుంటూ వెళ్తే, చెడిపోయిన మా ప్రింటరు వారం రోజులుగా చెప్పుకున్న ఫిర్యాదులన్నీ ఒకే లాగ్ ఫైలులో కొండలా పేరుకున్నాయని తేలింది. దాన్ని తుడవొద్దని, ట్రంకేట్ అనే ఆదేశంతో లోపలిది మాత్రం ఖాళీ చెయ్యాలని చెప్పి, ఒక్కొక్క అక్షరం పలికించాడు. ఫైళ్ల పేర్లు పూర్తిగా కొట్టకుండా రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుకుంటుందని, అలాగైతే తప్పులు దొర్లవని అప్పుడే నేర్చుకున్నాను. నేను మొత్తం పైకి చదివాకే "ఇగ కొట్టు" అన్నాడు. కళ్లు మూసుకుని కొట్టాను.

దాతల జాబితా తెరుచుకుంది. ఓ నెగెటివ్ వాళ్లు ముగ్గురే. ఒకరి ఫోన్ పలకలేదు, ఒకరు ఊళ్లో లేరు. మూడో ఆయన మణుగూరులో బట్టలు కుట్టే ముస్లిం పెద్దాయన. మాట పూర్తిగా వినకుండానే "వస్తున్నా బిడ్డా" అని పెట్టేశాడు. గంటన్నర తర్వాత, నిలువునా తడిసి, మెడలో కొలిచే టేపు అలాగే వేలాడుతూ మోటారుసైకిలు దిగాడు. సాయంత్రానికి ఆ అమ్మాయి కళ్లు తెరిచి బిడ్డను అడిగింది. అత్త నా గది గుమ్మంలోకి వచ్చి, ఈసారి తెలుగులో కాక తన ఇంటి భాషలో ఏదో చెప్పి, నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు ఏం చెయ్యబోయాయో ఆమెకు తెలియదు. డాక్టరమ్మకూ చెప్పలేదు. ఇన్నేళ్లలో మీకే చెబుతున్నాను.

మర్నాటి నుంచి నా అలవాట్లు మారాయి. సోమవారం సోమవారం డిస్కు చూసుకునేదాన్ని, పేర్లన్నిటికీ రెండు నకళ్లు తీసిపెట్టాను. ఆర్ ఎమ్ కొట్టాల్సి వస్తే అదే దారికి ముందు, లోపలేముందో చూపే ఎల్ ఎస్ కొట్టి, ఏం పోబోతోందో కళ్లారా చూసుకునేదాన్ని. చాలా రోజుల తర్వాత అన్న, ఆ ఫోన్ పెట్టేశాక తను కూడా క్లాసు చెప్పలేక పిల్లల్ని పంపేసి వరండాలో కూర్చున్నానని చెప్పాడు.

అన్న పోయి మూడేళ్లయింది. దవాఖానా కూడా మూతపడింది. ఇప్పుడు రక్తం కావాలంటే ఫోనులో ఒక్క సందేశం పెడితే ముక్కూమొహం తెలియని పదిమంది బయల్దేరుతున్నారు, మంచిదే, అంతకంటే కావాల్సిందేముంది? కానీ ఒకప్పుడు ఆ దారి పొడుగునా ఎవరి ఒంట్లో ఏ రక్తముందో, ఎవరిది ఏ ఊరో నాకు నోటికి వచ్చేది. ఇప్పుడు సగం పేర్లు గుర్తుకు రావు. వాళ్లలో ఎవరున్నారో, ఎవరు పోయారో అడుగుదామన్నా, తెలిసినవాళ్లెవరూ మిగల్లేదు.