మగ్గం నూనె

మగ్గాలు అమ్మేసి ఏడాదైనా సిరిసిల్ల చంద్రమౌళికి పొద్దున్నే నూనె డబ్బా పట్టుకునే అలవాటు పోలేదు. ఇప్పుడా షెడ్డులో ఉన్నది ఆరు గ్రాఫిక్స్ కార్డులతో రాత్రింబవళ్లు క్రిప్టో నాణేలు తవ్వే యంత్రం. ముప్ఫై ఏళ్లు మరమగ్గాల మోతలో పోగు తెగిన మగ్గాన్ని చెవితోనే పట్టుకున్న మనిషి, ఫ్యాన్ల హోరులోనూ తల వంచి అలాగే వింటాడు. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా వదల్లేదు.

మొన్న ఒక కార్డు ఆగిపోయింది. “ఖరాబ్ మాల్ అంటగట్టి మా పొట్ట గొడుతవా?” అంటూ, దాన్ని అమ్మిన కోరుట్ల ఫహీమ్‌ను ఫోన్లోనే కడిగేశాడు. ఫహీమ్ వెంటనే బండేసుకుని వచ్చాడు. వైర్లు మార్చాడు, కార్డును ఇంకో చోట బిగించాడు. ఎక్కడ పెట్టినా పది నిమిషాలకే వేడెక్కి ఆగిపోతోంది. చివరికి దాని ఫ్యాను విప్పితే, పక్క షెడ్డు మగ్గాల నుంచి ఎగిరొచ్చిన నూలు దుమ్ము నూనెలో నాని ముద్దగా బిగుసుకుని ఉంది. ఫహీమ్ వేలితో తీసి వాసన చూశాడు. నాలుగు రోజుల కింద అదే ఫ్యాను కిర్రుమంటే తనే రెండు చుక్కలు మగ్గం నూనె వేసిన సంగతి చంద్రమౌళికి అప్పుడు గుర్తొచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఫహీమ్ అది చూసి చూపు తిప్పుకున్నాడు.

“ఏమైంది తమ్మీ?” గుమ్మంలోంచి చంద్రమౌళి భార్య లీల అడిగింది.

“ఏం లేదమ్మా, జర దుమ్ము వట్టింది. సాఫ్ జేస్తే నడుస్తది.”

“గట్లనా! నేనే సక్కగ ఊడుస్తలేనేమో. ఉత్తగనే నిన్ను తిట్టిండు ఈన. ఏమనుకోకు.”

తప్పు తనదని చంద్రమౌళి ఒక్క మాట అంటే చాలు. లీల కొంగు దోపుకుని, చీపురు తెచ్చి యంత్రం కింద ఊడవసాగింది. అతను పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు, చేతులు వెనకే పెట్టుకుని.