సర్వేయర్ బాబాయి నడిపిన యుద్ధాలు

మొన్న కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె విప్పగానే కొత్త రంగు వాసన గుప్పుమంది. లోపల బొటనవేలంత సైనికులు, విలుకాళ్ళు, రెండు తలల తోడేలు ఒకటి. గుంటూరులో మా ఇంట్లో ఆదివారాలు ఐదుగురం కూర్చుని ఆడే ఆట కోసం నేనే తెప్పించుకున్నాను. వాటిని బల్ల మీద నిలబెడుతుంటే, ఒక్క బొమ్మయినా లేకుండా మా చేత యుద్ధాలు చేయించిన సర్వేయర్ బాబాయి కళ్ళ ముందు మెదిలాడు.

నరసరావుపేటలో మా వీధి చివరి ఇల్లు ఆయనది. పొలాల హద్దులు కొలిచే ఉద్యోగం. చుట్టరికం ఏమీ లేదు, వీధి మొత్తానికీ బాబాయే. బెంగళూరులో ఉండే తమ్ముడి దగ్గర ఈ ఆట నేర్చుకుని, ఇంటర్ చదివే మమ్మల్ని ముగ్గుర్ని, అంటే నన్నూ, ఖాజానీ, రమ్యనీ, ఆదివారం మధ్యాహ్నాలు తన వరండాలో కూర్చోబెట్టేవాడు. ఆట చెప్పడానికి తేలికే. తలా ఒక పాత్ర తీసుకుంటాం. కథ నడిపే బాబాయి ఎదురైన పరిస్థితి చెబుతాడు, మేం ఏం చేస్తామో మేం చెబుతాం, జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి.

మొదటి పోరాటం రాగానే, "బొమ్మలేవి బాబాయ్? యూట్యూబ్‌లో అందరూ గళ్ళ కాగితం మీద బొమ్మలు పెట్టి ఆడుతున్నారు," అన్నాను.

"బొమ్మలకేందిరా, కొనుక్కుంటే వస్తయ్. ముందు వినడం నేర్చుకో," అన్నాడు. అని, గొంతు తగ్గించి, "ఈటె మొన నీ గుండెకి మూరెడు దూరంలో ఉంది. వాడి చెయ్యి వణుకుతోంది. ఏం చేస్తావ్?" అన్నాడు. కూర్చున్న చోటే వెనక్కి జరిగాను. ఆలోచిస్తూ కూర్చోనిచ్చేవాడు కాదు. రెండు ఊపిర్లు ఆగి, "ఈటె కదిలింది," అనేవాడు. అంత బాగా యుద్ధం నడిపేవాణ్ణి తర్వాత నేను చూడలేదు.

అలాంటివాడు ఒకసారి తప్పు చేశాడు. అందులో సగం నాది.

ఆ రోజు కథలో మేం దొంగలున్న రాతి గుహలోకి దిగాం. రమ్యది వైద్యురాలి పాత్ర. తను మాట్లాడటమే తక్కువ. "నేను గుమ్మం దగ్గరే ఉంటాను," అంది మెల్లగా. అప్పుడు బాబాయి ఆట నియమాల పుస్తకంలో ఏదో వెతుకుతున్నాడు, ఖాజా కేకలు పెడుతున్నాడు. పక్కనే ఉన్న నాకు మాత్రం వినపడింది. కాసేపటికి దొంగల నాయకుడు బయటికి పరుగెత్తాడు.

"నేను తలుపు మూసేస్తాను," అంది రమ్య.

"నువ్వు లోపలున్నావు కదమ్మా, అందదు."

"గుమ్మం దగ్గరే ఉన్నాను బాబాయ్ గారూ..."

"లేదమ్మా, అందరూ లోపలికొచ్చారు."

ఆయన కావాలని అన్నది కాదు. ఆయన ఊహించుకున్న గుహలో రమ్య లోపలే ఉంది. నేను నోరు విప్పితే సరిపోయేది. కానీ తలుపు మూసుకుంటే నాయకుడు రమ్యకి చిక్కుతాడు, మూయకపోతే వెంటపడి పట్టిన పేరు నాకొస్తుంది. ఊరుకున్నాను. లోపల మిగిలిన దొంగలు రమ్య పాత్రను చుట్టుముట్టి చంపేశారు. ఖాజా నవ్వాడు, నేనూ నవ్వాను. మరుసటి ఆదివారం ఆమె రాలేదు.

"రమ్యకేమైందిరా?" అన్నాడు బాబాయి.

ఇక దాచలేకపోయాను. "తను నిజంగానే గుమ్మం దగ్గర ఉంటానంది బాబాయ్. నేను విన్నాను."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. లేచి చెప్పులు వేసుకుని, "పద," అన్నాడు.

రెండు వీధుల అవతల రమ్య వాళ్ళ ఇల్లు. తలుపు తీసిన వాళ్ళ నాన్న కంగారు పడ్డాడు. ఆయన ముందే బాబాయి రమ్యని పిలిచి, "అమ్మా, తప్పు నాది. నువ్వు చెప్పింది నేను వినలేదు. విన్నట్టే తీర్పు చెప్పాను. ఆ యుద్ధం చెల్లదు. మళ్ళీ ఆడదాం రా," అన్నాడు. యాభై దాటిన మనిషి ఇంటర్ చదివే పిల్లతో అలా అనడం నేను అంతకుముందు చూడలేదు.

"నేను కూడా... విని చెప్పలేదు," అన్నాను తల దించుకుని.

"తెలుసు. నేనా మాట అన్నప్పుడు నువ్వు నా వంకే చూశావుగా," అంది రమ్య.

తర్వాతి ఆదివారం రమ్య వచ్చింది. బాబాయి వరండా గచ్చు మీద సుద్దముక్కతో గుహ గీశాడు. చింతగింజలు దొంగలు, చదరంగం పావులు మేము.

"ఓడిపోయావన్నమాట బాబాయ్! బొమ్మలు పెట్టావుగా," అన్నాడు ఖాజా.

"ఓటమేందిరా! ఇద్దరు ముగ్గురు కొట్టుకుంటే మాట చాలు. గుంపు కలబడితే గుర్తు పెట్టాల్సిందే. నేను చానా పొలాలు కొలిచా. హద్దురాయి లేని చోట గొంతు పెద్దోడిదే పొలం."

రమ్య తన పావుని గుమ్మంలో పెట్టింది. నాయకుడు పరుగెత్తగానే తలుపు మూసేసింది. లోపల ఎనిమిది చింతగింజలు, నాయకుడు, నేను, ఖాజా. "ఏమే, మమ్మల్ని కూడా మూసేశావేందే!" అని ఖాజా అరుస్తుంటే ఆమె మొదటిసారి పైకి నవ్వింది. ఆ పూట మేం ముగ్గురం చావుతప్పి బయటపడ్డాం. నాయకుణ్ణి పట్టిన పేరు రమ్యదే.

బాబాయి పోయి రెండేళ్ళయింది. నేనిప్పుడు రెండు రకాలుగానూ యుద్ధాలు నడుపుతాను. ఎప్పుడు మాట చాలుతుందో, ఎప్పుడు గుర్తు కావాలో నాకు బాగానే తెలుసు. పొరపాటు పడితే అందరి ముందూ ఒప్పుకుని ఆటని అక్కడి నుంచే మళ్ళీ నడుపుతాను. ఏ పోరాటమైనా మొదలుపెట్టే ముందు బల్ల దగ్గర అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి వైపు తిరిగి, "నువ్వెక్కడున్నావు?" అని అడుగుతాను. చెప్పిన మాటని తిరిగి వాళ్ళకే చెప్పి, "అంతేనా?" అంటాను. అంతే అన్నాకే పాచిక వేస్తాను.