బొటనవేలి మీద బొట్టు

కుక్కకి సుగరేంటి! రెండువేల అయిదులో ఆ మాట వినగానే మా పెడన వీధంతా నోరెళ్లబెట్టింది. నేనైతే పగలబడి నవ్వాను. మా పక్కింటి ధనుంజయరావు బావగారు మాత్రం నవ్వలేదు. ఆయన కుక్క జాకీ అప్పటికే చిక్కి శల్యమైపోయి, ఎన్ని నీళ్లు పోసినా తాగేస్తోంది. బందరు పశువుల డాక్టరు పూర్ణచంద్రరావు గారు పరీక్ష చేసి మరీ చెప్పారట.

బావగారిదీ మాదీ కలంకారీ అద్దకమే. చెక్క అచ్చులు రంగులో అద్ది బట్ట మీద వేస్తూనే ఆయన తల నెరిసింది. మనుషులతో ముక్తసరిగా మాట్లాడే ఆ మనిషి జాకీతో గంటలు గంటలు కబుర్లు చెప్పేవారు. దాని కోసం సుగరు చూసే మిషను కూడా కొన్నారు.

"నాకు సుగరొస్తే కాకరకాయ తినమన్నారు. కుక్కకొస్తే మిషనా?" అని వాళ్లావిడ హైమావతక్క మండిపడింది. ఆయన వింటేగా! రోజూ జాకీ చెవి అంచున సూదితో గుచ్చి, మిషన్లో ఎంతుందో చూసి, ఇన్సులిన్ ఇచ్చేవారు. మందు ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గారు ముందే హెచ్చరించారు.

ఒకరోజు పొద్దున మిషను ఐదొందలు దాటి చూపించింది. బావగారు డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆ పూటకి మందు కాస్త పెంచమన్నారు. పెంచారు. మధ్యాహ్నమయ్యేసరికి జాకీ గిలగిలా కొట్టుకుంటూ పడిపోయింది. కాళ్లు కొయ్యబారిపోయాయి. నోటి వెంట నురగ. పొద్దున తోక ఊపిన కుక్కేనా ఇది అనిపించింది. బావగారూ, హైమావతక్కా, నేనూ దాన్ని ఆటోలో వేసుకుని బందరు తీసుకెళ్లాం.

డాక్టరు గారు దాని చెవి తుడిచి, గుచ్చి చూశారు. ఇరవై ఎనిమిది! ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. గబగబా నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తూ, "పొద్దున ఎలా చూశారండీ? చేసి చూపించండి," అన్నారు.

బావగారు చేసి చూపించారు. రక్తం బొచ్చులోకి ఇంకిపోతోందని ఆ బొట్టుని బొటనవేలి మీదికి తీసుకుని, మిషను పట్టీని వేలికి ఆనించారట. అద్దకంలో రంగు చిక్కదనం మేమూ అలాగే వేలి మీద చూస్తాం.

"అంతకు ముందు ఏం పని చేశారు?"

"నల్లరంగు కలిపానండీ. తుప్పు ఇనుములో బెల్లం..."

అక్కడితో ఆగి, ఆయన తన బొటనవేలి వైపు చూసుకున్నారు. అద్దకం వాళ్ల చేతులు ఎంత తోమినా నల్లగానే ఉంటాయి. కడిగిన చెయ్యేదో, కడగని చెయ్యేదో మాకే తెలీదు. పొద్దున మిషను చూపించింది జాకీ సుగరు కాదు, ఆయన వేలికి అంటిన బెల్లం!

చాలాసేపటికి జాకీ కళ్లు తెరిచింది. తోక కాస్త కదిపి, మెడ చాచి బావగారి చెయ్యి నాకబోయింది. ఆయన నిప్పు తగిలినట్టు వెనక్కి దూకి, రెండు చేతులూ వీపు వెనక దాచేసుకున్నారు.

"హైమా, దాన్ని నువ్వు పట్టుకో," అన్నారు. "నన్ను ముట్టుకోనివ్వకు."