ఇరానీ, వెనక గేటు సెంట్రీ

మే నెలలో ఒక సోమవారం, మధ్యాహ్నం ఒంటిగంట ముప్పావుకి, తార్నాక వైపున్న యూనివర్సిటీ వెనక గేటు దగ్గర రిపోర్టు చేశాను. రేకుల కప్పు వేసిన చిన్న గది. ఒక ప్లాస్టిక్ కుర్చీ. గోడకి మేకు, మేకుకి లాఠీ. ఎడమవైపు పెద్ద పెద్ద బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. కుడివైపు పంపు హౌస్. ఎదురుగా బయటికి పోయే తారు రోడ్డు. గాలి లేదు. రేకు ఎండకి టిక్కుటిక్కుమంటోంది.

నాకు ముందున్న గార్డు అంబర్‌పేట మనిషి. ఛార్జ్ అప్పగించాడు.

"కుర్చీ ఒకటి. లాఠీ ఒకటి. టార్చి ఒకటి. వాకీటాకీ ఒకటి, బ్యాటరీ జల్ది అయిపోతది. గిది గూడ లెక్కల రాస్కో అన్నా," అని కుర్చీ కిందికి చూపించాడు.

నాలుగు నెలల ఆడ కుక్కపిల్ల. పాలెక్కువ పోసిన ఇరానీ చాయ్ రంగు. పేరు కూడా ఇరానీయే.

ఫౌజులో పదిహేడేళ్లు చేశాను. నాయక్ ర్యాంకుతో బయటికొచ్చాను. లాలాపేటలో మా చర్చివాళ్లు, పెళ్లిళ్లలో కలిసే బంధువులు కశ్మీర్‌లో నేను చేసిన కుప్వారా గురించి అడుగుతారు. మంచు ఎంత లోతుంటుంది, తుపాకి ఎంత బరువుంటుంది అని అడుగుతారు. చెబుతాను. ఈ వెనక గేటు గురించి ఎవరూ అడగరు. ఇక్కడ ఏడేళ్లు కాపలా కాశాను. కాసింది నేనేనా అన్నది వేరే సంగతి.

సెంట్రీ డ్యూటీలో నిద్రపోవడం ఫౌజులో మామూలు తప్పు కాదు. కుప్వారాలో మా పోస్టు కొండ అంచున ఉండేది. రెండు గంటల కాపలా. కనురెప్పల మీద మంచు పేరుకునేది. తల కొంచెం వాలితే పక్కనున్న మెషిన్‌గన్ జవాను మోచేత్తో పొడిచేవాడు. "ఆంఖ్ ఖోలో, నాయక్ సాబ్." అక్కడ ఒక్కసారి కూడా కన్ను మూయలేదు.

తార్నాకలో మూశాను.

నా షిఫ్టు రెండు నుంచి పది వరకు. నా భార్య రత్నం వండిన అన్నం, గోంగూర పప్పు కడుపునిండా తిని వచ్చేవాణ్ణి. మూడు దాటాక ఆ గేటు నుంచి పురుగు కూడా పోదు. మొదటి వారం గట్టిగా నిలబడ్డాను. రెండో వారం కూర్చున్నాను. మూడో వారం నిద్రపోయాను.

మా సెక్యూరిటీ ఆఫీసర్ బుల్లెట్ బండి మీద రౌండ్లు తిరిగేవాడు. బుల్లెట్ చప్పుడు బండరాళ్ల మలుపు దగ్గర వినిపించేది. అక్కడి నుంచి గేటుకి అర నిమిషం. ఆ చప్పుడు నాకంటే ముందు ఇరానీకి వినిపించేది. లేచి నిలబడి మొరిగేది. నేను కళ్లు తుడుచుకుని, టోపీ సర్దుకుని, సెల్యూట్ కొట్టేవాణ్ణి. కొన్నాళ్లకి దానికి పూర్తిగా అలవాటైంది. మోపెడ్‌కి మొరగదు. కారుకి మొరగదు. బుల్లెట్‌కి మొరుగుతుంది.

ఒకరోజు ఆఫీసర్ గేటు దగ్గర బండి ఆపి అన్నాడు. "మిగతా గేట్ల కాడ అందరు గుర్రు పెడ్తరు. నువ్వొక్కడివే మేల్కొని ఉంటవ్. ఫౌజీ అంటే గిట్లుండాలె."

"థాంక్యూ సర్," అన్నాను. ఇరానీ నా బూటు పక్కన తోక ఊపుతోంది.

గేటు బయట యాదగిరి చాయ్ బండి ఉండేది. ఇరానీకి రోజూ విరిగిన బిస్కెట్లు పెట్టేవాడు. నేను చేరిన రెండో నెలలో, నేను అతని దగ్గర చాయ్ తాగుతుంటే వాకీటాకీ మోగింది.

"కంట్రోల్ టు బ్యాక్ గేట్. కుక్కలకు పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ చేసే బండి వస్తున్నది. ఆడకుక్కలను పట్టియ్యాలె. ఓవర్."

"బ్యాక్ గేట్. అర్థమైంది. ఓవర్."

యాదగిరి గ్లాసులు కడుగుతూ నవ్వాడు. "ఇగ నీ కొలువు గోవిందా ఫౌజన్నా. ఆపరేషన్ జేస్తే కుక్క మెత్తవడ్తది. మొరగదు. తిని పంటది, అంతే."

"నిజమా?"

"మా బస్తీల జూసిన కద. బొర్ర పెంచుకోని పంటయ్. దొంగొస్తే జరిగి తొవ్వ ఇస్తయ్."

అది నిజమో కాదో నేను ఎవరినీ అడగలేదు. ఇరానీని పంపు హౌస్‌లో పెట్టి గొళ్లెం వేశాను. అరవకుండా నా టిఫిన్ డబ్బాలో చపాతీలు ముందు పెట్టాను. బండి వచ్చింది. వల పట్టుకుని ఇద్దరు దిగారు. ఇక్కడ కుక్కలేమీ లేవని చెప్పాను.

ఆ బండిని పిలిపించిన పిల్ల సాయంత్రం వచ్చింది. పేరు స్వరూప. సిద్దిపేట దగ్గర పల్లె. అప్పుడే ఎం.ఏ.లో చేరింది. రోజూ మెస్ నుంచి ఒక ఉడికిన గుడ్డు కాగితంలో చుట్టి ఇరానీకి తెచ్చేది.

"అంకుల్, ఇరానీ ఏది? దాని కోసమే పిలిపిచ్చిన వాళ్లను."

"నేనొచ్చినప్పట్నుంచి కనపళ్లేదమ్మా."

"యాడికి వోయిందో దొంగముండ," అని గుడ్డు నా చేతిలో పెట్టి వెళ్లింది.

తర్వాతి సంవత్సరం బండి మళ్లీ వచ్చింది. అప్పటికి ఇరానీ ఒకసారి పిల్లల్ని పెట్టింది. నేను మళ్లీ గొళ్లెం వేశాను. మళ్లీ అదే మాట చెప్పాను. రెండోసారి అబద్ధం చెప్పడానికి కష్టపడలేదు.

ఏళ్లు గడిచాయి. స్వరూప ఎం.ఏ. ముగించి పీహెచ్‌డీలో చేరింది. ఇరానీ మూడుసార్లు ఈనింది. పిల్లలు కొన్ని పోయాయి, కొన్నిటిని ఎవరో తీసుకెళ్లారు. ఆఖరి ఈతలో ఒక ఆడపిల్ల మాత్రం గేటు దగ్గరే మిగిలింది. దానికి యాదగిరి బన్ను అని పేరు పెట్టాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఇరానీకి పిడుదులు తీస్తున్నాను. వెల్లకిలా పడుకుని కాళ్లు చాపింది. ఎడమవైపు చివరి చన్ను కింద వేలికి గట్టిగా ఏదో తగిలింది. శనగగింజంత. చర్మం కింద అటూ ఇటూ జరిగింది. పాలగడ్డ అనుకున్నాను. వేడినీళ్ల కాపడం పెట్టాను. పసుపు రాశాను. ఎవరికీ చెప్పలేదు.

సీతాఫలాలు అయిపోయేసరికి అది నిమ్మకాయంత అయింది. పక్కనే ఇంకో రెండు వచ్చాయి. ఒకదాని మీద చర్మం పగిలి రసి కారుతోంది. అప్పుడు స్వరూప చూసింది.

"ఇదేంది అంకుల్? ఎప్పట్నుంచి ఉన్నది?"

"వానాకాలం నుంచి."

ఆమె చున్నీ తీసి ఇరానీకి చుట్టింది. ఆటో పిలిచింది. ఆటోవాలా కుక్కని చూసి తల అడ్డంగా ఊపాడు.

"సీటు ఖరాబు జేస్తది మేడం."

"నా ఒళ్లో కూసుంటది. నీ సీటు జోలికి రాదు. పా అన్నా, నల్లకుంట."

నల్లకుంటలో పశువుల క్లినిక్ డాక్టరమ్మ ఇరానీని బల్ల మీద పడుకోబెట్టింది. తల నేను పట్టుకున్నాను. ఆమె ఒక్కొక్క చన్నూ వేళ్ల మధ్య నొక్కి చూసింది. ఇటు ఐదు, అటు ఐదు. తొడ సందుల్లో కూడా వెతికింది. ఫౌజులో మందుపాతరలు వెతికేవాళ్లు నేలని అలాగే తడుముతారు.

"రొమ్ము గడ్డలు. కొన్ని మామూలువి ఉంటాయి, కొన్ని కాన్సర్. తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ముందు ఊపిరితిత్తులకి పాకిందేమో ఎక్స్‌రే తీద్దాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా దీనికి?"

"కాలేదు మేడం," అంది స్వరూప. "రెండుసార్లు బండి పిలిపిచ్చిన. రెండుసార్లు దొరకలే."

"అయ్యో. మొదటిసారి ఎదకి రాకముందే ఆ ఆపరేషన్ చేస్తే ఈ జబ్బు చాలా అరుదుగా వస్తుందమ్మా. ఆలస్యమైన కొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది."

స్వరూప ముఖం పక్కకి తిప్పుకుంది. "నేనే మల్లొకసారి పిలవాల్సి ఉండె. మర్చిపోయిన. నాదే తప్పు."

ఇరానీ తల నా రెండు చేతుల్లో ఉంది. నా చెయ్యి నాకుతోంది.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఆపరేషన్ శనివారం అన్నారు. ఇంటికొచ్చి రత్నంతో అంతా చెప్పాను. పంపు హౌస్, గొళ్లెం, నిద్ర. రత్నం మా చర్చి బళ్లో టీచరు. బియ్యం ఏరుతూ విన్నది.

"ప్రార్థన చెయ్యవే," అన్నాను.

"కుక్క కోసం చేస్తానండి. మీ సంగతి మాత్రం నాకు చెప్తే ఏం లాభం? ఆ పిల్ల తన మీదేసుకుని ఏడుస్తుంటే చూస్తా నుంచున్నారా?"

శనివారం ఉదయం ఇరానీని లోపలికి తీసుకెళ్లారు. నేను, స్వరూప క్లినిక్ మెట్ల మీద కూర్చున్నాం. ఎదురుగా కూరగాయల బండి. స్వరూప ఫోన్ చూసుకుంటోంది.

"అమ్మా, బండి వచ్చినప్పుడు ఇరానీ కనపళ్లేదని చెప్పాను కదా."

"ఊఁ."

"పంపు హౌస్‌లో పెట్టి గొళ్లెం వేసింది నేనే. రెండుసార్లూ."

ఆమె ఫోన్ దించింది. "ఎందుకు?"

"ఆపరేషన్ అయితే మొరగదన్నారు. అది మొరక్కపోతే ఆఫీసర్ వచ్చినప్పుడు నాకు మెలకువ రాదు."

స్వరూప ఫోన్ మెట్టు మీద పెట్టింది.

"మీరు పంటరని క్యాంపస్ మొత్తం తెలుసు అంకుల్. నోరు తెర్సుకోని పండిన ఫోటో మా హాస్టల్ గ్రూపుల ఉన్నది. నవ్వుకున్నం. ఏజ్ అయింది, పోనీ అనుకున్నం." ముఖం తుడుచుకుంది. "గీ గొళ్లెం సంగతే తెల్వదు."

లేచి వెళ్లి ఆఖరి మెట్టు మీద కూర్చుంది. నా వైపు వీపు పెట్టింది. నేను క్షమించమని అడగలేదు. ఆ మాట అంటే ఆమె ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది. అంత బరువు ఆమె మీద పెట్టే హక్కు నాకు లేదనిపించింది.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ బయటికొచ్చింది. ఎడమవైపు వరస మొత్తం తీసేశారు. గర్భసంచి కూడా తీశారు. చంక దగ్గర నుంచి తొడ దాకా కుట్లు. నాకకుండా ఏదైనా తొడగాలన్నారు. సాయంత్రం గేటు గదికి తెచ్చాక మెడ చుట్టూ ప్లాస్టిక్ గొట్టం పెడితే ఇరానీ గోడకేసి కొట్టుకుంది. మర్నాడు ఇంటి నుంచి నా పాత ఫౌజు బనియన్ తెచ్చాను. ఆకుపచ్చది. ముందుకాళ్లు చేతుల్లోంచి దూర్చాను. అడుగున తోక కోసం కత్తిరించి, నడుము మీద ముడి వేశాను. సరిగ్గా సరిపోయింది.

యాదగిరి చూసి సెల్యూట్ కొట్టాడు. "భర్తీ అయినట్టేనా ఇరానమ్మా? పెన్షన్ గిట్ల ఇస్తరా?"

మందులు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నేను లేని వేళల్లో పొద్దుటి షిఫ్టు గార్డు చూసుకునేవాడు. డ్యూటీకి రాగానే ముందు బనియన్ ఎత్తి కుట్లు చూసేవాణ్ణి. వాపుందా, ఎర్రగా ఉందా, తడి ఉందా. నా రైఫిల్‌ని కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు. ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను నిద్రపోవడం లేదు. కుర్చీ గది బయట ఎండలో వేసుకున్నాను. స్వరూప రావడం మానేసింది. గుడ్డు మాత్రం యాదగిరి చేతికిచ్చి పంపేది.

ఐదో రోజు, మూడున్నరకి. ఇరానీ గదిలో గోనెసంచి మీద పడుకుని ఉంది. అన్నానికి కూడా సరిగ్గా లేవడం లేదు. నేను కుర్చీలో కదలకుండా కూర్చున్నాను, తల కొంచెం వంచి. బండరాళ్ల మలుపు దగ్గర బుల్లెట్ చప్పుడు వినిపించింది.

గదిలో గోళ్లు నేలని గీరిన చప్పుడైంది. వెనక్కి చూశాను. ఇరానీ లేస్తోంది. ముందుకాళ్లు లేచాయి. వెనక కాళ్లు జారాయి. మళ్లీ లేచింది. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. కాళ్లు వణుకుతున్నాయి. ఒక్కసారి మొరిగింది. ఇంకోసారికి ఊపిరి చాలలేదు.

ఆఫీసర్ వచ్చాడు. నేను సెల్యూట్ చెయ్యలేదు. వంగి ఇరానీని పట్టుకుని ఉన్నాను.

"సర్, మీరు ఇన్నేళ్లు మెచ్చుకున్నది దీన్ని," అని చెప్పాను. మొత్తం చెప్పాను.

ఆయన బండి దిగకుండానే విన్నాడు. "రేపట్నుంచి నిలవడి డ్యూటీ చెయ్," అని వెళ్లిపోయాడు. కుర్చీ తీసేయించాడు. అది న్యాయమే.

గేటు బయట చాయ్ బండి పక్కన స్వరూప నిలబడి ఉంది. అంతా చూసింది. కాగితంలో గుడ్డుతో లోపలికొచ్చి, కింద కూర్చుని, ముక్కలు చేసి ఇరానీకి తినిపించింది.

"బనియన్ ఉతికిన్రా?" అని అడిగింది, నా వైపు చూడకుండా.

"రెండున్నాయమ్మా. మార్చి మార్చి వేస్తున్నా."

"వచ్చే నెల బండి వస్తది. బన్నును మీరే ఎత్తుకోని ఎక్కియ్యాలె. నేను రాను. మీరే."

ఎక్కించాను. బోనులో పెట్టి, వాళ్లతోపాటు వెళ్లి, ఆపరేషన్ అయ్యాక వెనక్కి తెచ్చాను. గుర్తుకి దాని చెవి కొస కొంచెం కత్తిరించారు. ఆ తర్వాత బన్ను బుల్లెట్‌కీ, మోపెడ్‌కీ, ఎగిరే నెమలికీ కూడా మొరిగింది. యాదగిరి తల గోక్కున్నాడు. "మా బస్తీ కుక్కలు ఉత్తగనే బద్ధకపోతులు గావొచ్చు ఫౌజన్నా."

ఇరానీ గడ్డల పరీక్షలో ఒకటి చెడ్డదని వచ్చింది. మళ్లీ రావచ్చన్నారు. ఏడాది పైన ఏమీ లేకుండా తిరిగింది. తర్వాత దగ్గు మొదలైంది. ఈసారి ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీద మచ్చలు కనిపించాయి.

అప్పుడే నేను ఉద్యోగం మానేశాను. కొత్త గార్డుకి ఛార్జ్ అప్పగించాను. లాఠీ, టార్చి, వాకీటాకీ. చెవి కోసిన కుక్క ఒకటి. చాయ్ రంగు కుక్కని లెక్కలో రాయలేదు. దాన్ని ఆటోలో నా ఒళ్లో పెట్టుకుని లాలాపేట తెచ్చుకున్నాను. స్వరూప ఆటో దాకా వచ్చింది.

"పైలం అంకుల్," అంది. జాగ్రత్తగా ఉండమన్నది నన్నో, ఇరానీనో.

మా వసారాలో రత్నం పాత చీర మీద అది క్రిస్మస్ దాకా ఉంది. ఒక పొద్దున నా అరచేతిలో మూతి పెట్టి పోయింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు నాకు డ్యూటీ లేదు. పడుకోవచ్చు. వీధిలో ఏ కుర్రాడో బుల్లెట్ మీద పోతాడు. లేచి కూర్చుంటాను. ఆ గుమ్మం కనిపిస్తుంది. ఆకుపచ్చ బనియన్, నడుము మీద నేను వేసిన ముడి, వణికే వెనక కాళ్లు. ఆ ఒక్క మొరుగు మొరిగాక అది రోడ్డు వైపు చూడలేదు. మెడ తిప్పి నా కళ్లలోకి చూసింది, నేను లేచానో లేదోనని.