ఇంజనుకు పొలమారింది

నిన్న నేను రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు, ముందున్న పాత లారీ వదిలిన డీజిల్ పొగకు మా మిరప కల్లం గుర్తొచ్చింది.

కల్లం పక్కనే గుంటూరు లైను. నాకప్పుడు ఆరేళ్లు. ఓ మధ్యాహ్నం సిగ్నల్ లేక గూడ్సు బండి సరిగ్గా మా ఎదుట ఆగింది. ఇంజను మా ఇంటికన్నా ఎత్తుంది. మళ్లీ కదలబోతూ అది ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై నల్లటి పొగ కక్కింది. కాళ్ల కింద నేల అదిరింది. ఆరబోసిన కాయలు గలగలమన్నాయి.

మా కాయల ఘాటుకే దానికి పొలమారిందనుకున్నాను. నాకు పొలమారితే అమ్మ నడినెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారనేది. మరి అంత ఎత్తున దాని నెత్తి ఎవరికందుతుంది?

"అమ్మా, దాన్నెవరు తలుచుకుంటున్నారే?"

"ఎవరో ఒకరుంటార్లే. నువ్వు కాయలు తొక్కమాకు."

అంతలో డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి, అందినచోట ఇంజనును రెండుసార్లు తట్టాడు. దగ్గు సర్దుకుని బండి కదిలింది. నేను నోరు తెరుచుకుని చివరి పెట్టె దాకా చూస్తూ నిలబడ్డాను.

నిన్న గేటు దాటింది కరెంటు ఇంజను. పొగా లేదు, దగ్గూ లేదు. ఆ పాతది ఇప్పుడు ఏ షెడ్డు వెనక తుప్పు పడుతుందో నాకు తెలియదు. నిన్న మాత్రం దానికి పొలమారే ఉంటుంది.